తెర మీద ఆగిపోయిన నోరు

బోదిల్ ఒకరి ముందు తల వంచే మనిషి కాదు. మా నాక్‌స్కౌ ఊళ్ళో ఆ సంగతి అందరికీ తెలుసు. చక్కెర ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఏళ్ళ తరబడి గరిటె పట్టింది. వరస తప్పి వచ్చినవాడు ఫోర్‌మనే కానీ మేనేజరే కానీ, అందిస్తున్న ప్లేటు వెనక్కి లాక్కునేది. అలాంటి మనిషికి, డెబ్బై దాటాక, తుంటి ఎముక అరిగి చేతికర్రతో నడిచే రోజుల్లో, ఒక కంప్యూటర్ ముందు కూర్చుని "ఈ ఒక్క పూటకి ఆగిపోకే తల్లీ" అని బతిమాలుకునే గతి పట్టింది. అది దాని పాటికి అది ఆగిపోతూనే వచ్చింది.

ఆ కంప్యూటర్ ఆమె భర్త ఏగొన్ పేకాట ఆడుకోవడానికి కొన్నది. సీపీయూ డబ్బా మొదట్లో బల్ల కింద ఉండేది. తుంటి పాడయ్యాక వంగి మీట నొక్కడం ఆమె వల్ల కాకపోతే, పక్కింటి వెర్నర్ దాన్ని ఎత్తి భోజనాల బల్ల మీద తెర పక్కనే పెట్టాడు. ఏగొన్ పోయాక దాంట్లో ఆమె వాతావరణం చూసుకునేది, ఊళ్ళో ఎవరు పోయారో చదువుకునేది, అంతకు మించి పని లేదు. ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే అనేది. చెల్లెలి జబ్బు సంగతి తెలిసేదాకా అలాగే అనేది.

చెల్లెలి పేరు సోల్వై. పసితనంలో గవదబిళ్ళల జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. ఆ పిల్లకు మాట నేర్పింది బడి కాదు, తల్లి కూడా కాదు, బోదిల్ నోరు. అక్క పెదవులు చూసి చూసి మాట పట్టుకుంది, తిట్లతో సహా. గది అవతలి మూల నుంచి బోదిల్ గొణుక్కున్నా సోల్వై పట్టేసేది. పెద్దయ్యాక ఫారో దీవుల జాలరిని పెళ్ళాడి అక్కడి టోర్స్‌హావ్న్ ఊరికి వెళ్ళిపోయింది. తల్లి మంచాన పడితే చాకిరీ అంతా బోదిలే చేసింది. తల్లి పోయినప్పుడు అక్కడ పొగమంచు కమ్మి విమానాలు కదల్లేదు. సోల్వై వచ్చేసరికి మట్టి కప్పేశారు, కాఫీలు కూడా తాగేసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ దిగులు ఆమెను వదల్లేదు. బతికుండగా అమ్మ పక్కన లేకపోయాను, పోయాకైనా ఉండాలని పట్టుకు కూర్చుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. స్మశానంలో మోకాలెత్తు కంచె మొక్కల మధ్య వాళ్ళ కుటుంబానికి ఉన్న జాగాలో తండ్రి, తల్లి, ఏగొన్ ఉన్నారు. ఇంకొక్క బూడిద కుండకే చోటుంది. ఆ చోటు తనదని, ఏగొన్ పక్కనే తనూ ఉండాలని బోదిల్ ఎప్పుడో రాసిపెట్టుకుంది. సోల్వై ఉత్తరం రాసి అడిగితే మూడు ముక్కల్లో కాదని జవాబిచ్చింది. అమ్మకి నోట్లో జావ పోసింది ఎవరు, ఒంటికి నీళ్ళు పోసింది ఎవరు, ఇప్పుడు వచ్చి పక్కన పడుకుంటానంటే ఎలా కుదురుతుంది అన్నది ఆమె లెక్క. ఆ తరవాత అక్కచెల్లెళ్ళ మధ్య క్రిస్మస్ కార్డులు తప్ప మరేమీ నడవలేదు. కార్డు మీద కూడా పేరు మాత్రమే ఉండేది.

ఆ ఏడు బీట్ దుంపల లారీలు వీధుల్ని బురద చేస్తున్న రోజుల్లో, సోల్వై కూతురు మార్యున్ కబురు పెట్టింది. అమ్మకు క్లోమంలో రాచపుండు, ఇక వైద్యం లేదన్నారు, ఆఖరి రోజులవాళ్ళు ఉండే ఇంట్లో చేర్చాం, మిమ్మల్ని చూడాలంటోంది అని. బోదిల్ ఆపరేషను కోసం ఎదురుచూస్తోంది, మెట్టెక్కలేని మనిషి విమానం ఏం ఎక్కుతుంది! ఫోను పనికిరాదు, వినపడని మనిషికి ఫోనేం చేసుకోను. మిగిలింది కంప్యూటరే. అది కూడా సాయంత్రాలే. మార్యున్ పగలంతా చేపల ఫ్యాక్టరీలో ఉంటుంది, డ్యూటీ దిగి వచ్చి ట్యాబ్ పట్టుకుంటే తప్ప సోల్వైకి అది చేతకాదు.

కబురు వచ్చిన మర్నాడు బోదిల్ కర్ర పట్టుకుని స్మశానానికి వెళ్ళింది. గాలిలో చాలాసేపు నిలబడి వచ్చి, వెర్నర్‌తో మాత్రం ఒక మాట చెప్పింది. ఏగొన్‌తో ఒక్క మంచం మీద ఏళ్ళకేళ్ళు పడుకున్నాను, ఆ గురక చాలు, అమ్మ పక్కన చోటు దానికే ఇచ్చేస్తాను, నేను పేరూ ఊరూ లేనివాళ్ళ బూడిద కలిపే పచ్చికలోకి పోతాను అంది. నవ్వుతూ అందిగానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఏగొన్ అంటే ఆమెకు ప్రాణం. అంత ప్రాణమైన చోటు వదులుకుంటోందంటే మాటలా? మిగిలిన పని ఒకటే, "అవును" అన్న ముక్క చెల్లెలికి చేర్చడం.

చేర్చడానికి ఏం, చిన్న సందేశం కొట్టి పంపితే పోయేది కదా అని మీకు అనిపిస్తుంది. వెర్నర్ కూడా అదే అన్నాడు. ఆమె వినలేదు. కాదన్న మాట కాగితం మీద పంపాను, అవునన్న మాట కూడా అలాగే పంపితే అదేదో ఆఫీసు జవాబు అనుకుంటుంది, దాని కళ్ళముందు నా నోటితో చెప్తాను అంది. మొండితనం. మనసులో ప్రేమ ఉన్నప్పుడు కూడా ఆ మొండితనం వదల్లేదు చూడండి, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

మొదటి సాయంత్రానికి బోదిల్ జుట్టు చక్కగా దువ్వుకుంది, నీలం స్వెట్టరు వేసుకుంది. నవంబరులో నాలుగింటికే చీకటి. ఆ చీకట్లో పైకప్పు లైటు వేసుకుని కూర్చునేవాళ్ళు పళ్ళ డాక్టర్లు మాత్రమేనని ఆమె నమ్మకం. ఇంటికి మనిషొస్తే కొవ్వొత్తి వెలగాలి. తెర మీద వచ్చినా చెల్లెలు చెల్లెలే. బల్ల మీద, సీపీయూ డబ్బా పక్కన, రెండు కొవ్వొత్తులు వెలిగించి కాఫీ ఫ్లాస్కు దగ్గర పెట్టుకుంది. సోల్వై తెర మీదికి వచ్చింది. ఎంత చిక్కిపోయిందో! బోదిల్ పైకి మాత్రం "ఆ దుప్పటి రంగేంటే, అంత దరిద్రంగా ఉంది" అంది.

సోల్వై నవ్వింది. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి కప్పులో ఊసుపోని కబుర్లే. అసలు మాట రెండో కప్పు పోసుకున్నాకే ఎత్తాలి. ముందే ఎత్తితే మర్యాద తెలియనిదంటారు. కాబట్టి గాలి ఎలా ఉందో మాట్లాడుకున్నారు, దుంపల ధర మాట్లాడుకున్నారు, అక్కడ పెట్టే చేప ఉడికీ ఉడకనట్టు ఉంటుందని సోల్వై చెప్పింది. రెండో కప్పు పోసుకునేటప్పుడు డబ్బాలో ఫ్యాను పెనుగాలిలా మోత మొదలుపెట్టింది. బోదిల్ అది కిటికీ బయటి గాలే అనుకుంది.

"అక్కా, ఆ మాట మళ్ళీ అడుగుతున్నాను. అమ్మ పక్కన నన్ను పెట్టనిస్తావా?" అంది సోల్వై.

గంభీరమైన మాట వినేటప్పుడు పెదవులు బిగబట్టి వినడం బోదిల్‌కు చిన్నప్పటి నుంచీ అలవాటు. అలాగే విన్నది. విని, "అవునే, నీదే ఆ చోటు" అంది. అని భారం దిగిపోయి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని చూస్తే సోల్వై కళ్ళు ఆర్పడం లేదు. చెయ్యి దుప్పటి మీద గాల్లోనే ఉంది. కంప్యూటర్ హ్యాంగయిపోయింది. మౌస్ కదిపితే కదల్లేదు, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి తెర నల్లబడి మొత్తం ఆరిపోయింది. మళ్ళీ వేస్తే రాలేదు, వచ్చేసరికి అక్కడ సోల్వైకి నిద్రమందు ఇచ్చేశారు.

మర్నాడు మార్యున్ నుంచి కబురు. మీరు మధ్యలో ఎందుకు ఆపేశారని అమ్మ అడుగుతోంది అని. ఆపలేదు, హ్యాంగయింది అని బోదిల్ రాసింది. "సరే" అని జవాబొచ్చింది. అది నమ్మిన సరే కాదని ఆమెకు తెలిసింది. ఎందుకంటే నచ్చని మాట వస్తే లేచి వంటింట్లోకి పోయే అలవాటు ఆమెకు ఉంది, ఆ సంగతి చెల్లెలికి తెలుసు, చెల్లెలి కూతురికీ తెలుసు.

వెర్నర్‌ని పిలిచింది. వెర్నర్ ఒకప్పుడు ఫెర్రీలో టిక్కెట్లు చింపేవాడు, ఇప్పుడు పింఛనుదార్ల హాల్లో ముసలివాళ్ళకు కంప్యూటర్ నేర్పుతాడు. తనకు తెలియనిది అమెరికాలో వాళ్ళకు కూడా తెలియదన్నంత ధీమా. మధ్యాహ్నం కాఫీవేళకు వచ్చాడు, దాల్చినచెక్క రొట్టె తెగ్గోశాడు, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది పువ్వులా పనిచేసింది. ఎంతసేపు కూర్చున్నా హ్యాంగవదు. "నా కంటే ఇదే ఆరోగ్యంగా ఉంది బోదిల్" అన్నాడు. సాయంత్రమే ఆగిపోతోందని ఆమె చెప్పగానే అతనికి దారి దొరికింది. సాయంత్రమైతే ఊరంతా టీవీలు చూస్తూ నెట్ మీద పడతారు, నీ దాకా వచ్చేసరికి ఏం మిగలదు అని తేల్చేశాడు. వినడానికి ఎంత సబబుగా ఉంది! కొత్త వైరు తెచ్చి గోడ పొడుగునా మేకులు కొట్టి బిగించాడు, మూడు కాఫీలు తాగి వెళ్ళాడు. నెట్ బలహీనపడితే బొమ్మ ఆగుతుంది గానీ కంప్యూటర్ ఆరిపోదు కదా అని ఆ మహానుభావుడికి తట్టలేదు, మాలో ఇంకెవరికీ తట్టలేదు.

రెండోసారి పిలిచేముందు సోల్వై ఒక మాట రాయించింది. నీ ముఖం చీకట్లో ఉంది, పెదవులు సరిగా కనపడలేదు, వెలుగు పెట్టుకో అని. బోదిల్ ఏం చేసిందంటారా? ఇంట్లో ఉన్న కొవ్వొత్తులన్నీ తీసింది. డబ్బాకి ఇటు మూడు, అటు మూడు, తెర ముందు చిన్న గిన్నెల్లో మరికొన్ని. ఆ పసుపు వెలుగులో తన ముఖం పదేళ్ళు తగ్గి కనబడిందట, చెల్లెలికి చూడముచ్చటగా ఉంటుందని మురిసిపోయింది. ఈసారి మర్యాదలు గంగలో కలవనీ, తెర వెలగగానే చెప్పేస్తానని గట్టిగా అనుకుంది కూడా.

అయితే సోల్వై ఆ సాయంత్రం హుషారుగా ఉంది. మందు పనిచేసిందో ఏమో, వస్తూనే అమ్మ చేసే రొట్టె జావ సంగతి ఎత్తుకుంది. దాంట్లో నిమ్మతొక్క వేసేదా వెయ్యదా అని వాదన పెట్టుకుంది. అక్క చేత తిట్లు తిని పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో గోరీల మాట ఎత్తడానికి బోదిల్‌కు మనసొప్పలేదు. రెండో కప్పు రానీ అనుకుంది. చెప్పేసి ఉంటే తీరిపోయేది! రెండో కప్పు సగం పోసేసరికి ఫ్యాను రొద పెట్టింది, సోల్వై నవ్వు ముఖం మీదే బిగుసుకుపోయింది. బోదిల్ అరచేత్తో డబ్బాని బాదింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. డబ్బా పెనంలా కాలుతోందని చేతికి తెలిసింది. గదిలో కొవ్వొత్తుల వేడి అనుకుని ఊరుకుంది.

ఆ మీదట అనుమానం పుట్టింది. తప్పు ఈ వైపు లేదని వెర్నర్ ఒట్టేసి చెబుతున్నాడు. మరి ఆగిపోతోందంటే ఆ చివర నుంచి ఎవరో తెంపుతుండాలి. వెర్నర్ ఆ మాట యథాలాపంగా అన్నాడు, ఆమె మనసులో నాటుకుపోయింది. సోల్వై తనను ఏడిపిస్తోందా, ఆ ఉత్తరానికి బదులు తీర్చుకుంటోందా అని రాత్రంతా కుమిలింది. పొద్దున్నే మార్యున్‌కు కాస్త కటువుగానే రాసింది, లోపం మీ వైపే ఉన్నట్టుంది చూసుకోండి అని. నాలుగు దిక్కులూ సముద్రం ఉన్న చోట, చావు మంచం పక్కన కూర్చున్న పిల్లకి రాయాల్సిన మాటేనా అది? మార్యున్ దానికి జవాబివ్వలేదు.

వెర్నర్ ఈసారి వైరస్ అన్నాడు. ఉన్నవన్నీ తుడిచేసి మొదటినుంచీ ఎక్కించాలన్నాడు. ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అక్కడ సోల్వై ఎదురుచూసింది, అక్క రాలేదు. ఏగొన్ ఆడిన పేకాట లెక్కలు, అతను తీసిన పడవల ఫోటోలు ఆ తుడుపులో పోయాయి. బోదిల్ పళ్ళబిగువున ఊరుకుంది. అసలు పని కావాలిగా. మధ్యాహ్నాలు పరీక్షిస్తే మళ్ళీ పువ్వులా పనిచేసింది. డబ్బా వెనకున్న నాలుగు మరలు విప్పి లోపల చూద్దామన్న ఆలోచన మాత్రం వెర్నర్‌కు రాలేదు. లోపలి భాగాలు ముట్టుకోకూడదని హాల్లో తను చెప్పే మొదటి పాఠమట.

మూడోసారి తనే పక్కన కూర్చుంటానన్నాడు. చెవిలో మిషను తీసి కోటు జేబులో వేసుకునే అలవాటు అతనిది, అందుకని ఫ్యాను ఎంత మొత్తుకున్నా అతనికి వినపడే ప్రశ్న లేదు. కీబోర్డు కనపడటం లేదని కొవ్వొత్తుల్ని ఇంకాస్త దగ్గరికి, సరిగ్గా డబ్బాకి ముందు గాలి పీల్చుకునే కన్నాల దగ్గరికి జరిపింది కూడా ఆ పెద్దమనిషే. తెర వెలిగింది. సోల్వై తల దిండు మీద నుంచి లేవడం లేదు. పరాయి మనిషి కనబడగానే ముఖం ముడుచుకుని గాలి గురించి ఏదో అంది. ఇంటి మాట పరాయివాళ్ళ ముందు ఎత్తడం వాళ్ళకు చావుతో సమానం. బోదిల్ కూడా ఎత్తలేకపోయింది. వెర్నర్‌ని వంటింట్లోకి పొమ్మంది. అతనికి వినపడలేదు. కర్రతో పొడిచి పంపేసరికి సగం సమయం అయిపోయింది.

సోల్వై ఊపిరి కూడదీసుకుంది. కోపం లేదు ఆమె ముఖంలో, అలసట తప్ప.

"నువ్వు మాట చెప్పక్కర్లేదక్కా. చెప్పాలంటే నీకు కష్టం, నాకు తెలుసు. ఒక్కసారి తల ఊపు, చాలు. ఊపకపోయినా పరవాలేదు, నేను అర్థం చేసుకుంటాను" అంది.

బోదిల్ పెదవులు బిగబట్టి విన్నది. విని తల ఊపింది. చిన్నపిల్లలా పదేపదే ఊపింది. అవునని కూడా అంది, గట్టిగా, విడివిడిగా, చిన్నప్పుడు మాట నేర్పినట్టే. సోల్వై ఆమెకేసి చూస్తూనే ఉంది. రెప్ప వాల్చకుండా చూస్తూ ఉంది. ఎంతసేపటికీ రెప్ప వాలకపోతే అప్పుడు తెలిసింది బోదిల్‌కు. కుర్చీలోంచి లేవబోయి పడబోయింది. వంటింట్లో వెర్నర్ మిగిలిన రొట్టె తింటున్నాడు.

మర్నాడు బోదిల్ ఆ డబ్బాని తువ్వాలులో చుట్టబెట్టి, వెర్నర్ కారులో వేయించి, రేవు దగ్గర మలీన నడిపే రిపేరు కొట్టుకు తీసుకెళ్ళింది. ఇంతకు ముందే వెళ్ళొచ్చు కదా అంటే, ఊళ్ళో మనిషి ఉచితంగా చేసి పెడుతుండగా కొట్టుకు పోతే అతన్ని అవమానించినట్టు. ఇరుగుపొరుగు మధ్య ఆ పట్టింపులు మాకు ఎక్కువే. మలీన మరలు విప్పి పక్క రేకు తీసింది. లోపల ఫ్యాను రెక్కలు కనపడలేదు. వాటి మీద నల్లటి జిడ్డు ముద్ద, ఇంటి దుమ్మంతా అందులో అతుక్కుపోయి, పాత పొయ్యి గొట్టం లోపలి మసిలా ఉంది.

"కొవ్వొత్తులు వెలిగిస్తారా?" అని అడిగింది మలీన.

"వెలిగించనిది ఎవరు?" అంది బోదిల్.

మలీన ఓపిగ్గా చెప్పింది. మైనం పొగలో జిడ్డు ఉంటుంది, దగ్గరలో వెలిగిస్తే ఫ్యాను ఆ పొగనే లోపలికి పీలుస్తుంది, జిడ్డు పట్టిన రెక్కలు సరిగా తిరగవు, లోపల వేడెక్కిపోతుంది, మనుషుల ముఖాలు చూపించే పని చేస్తున్నప్పుడు ఇంకా వేడెక్కుతుంది, చివరికి కాలిపోకుండా తనను తనే ఆపేసుకుంటుంది. పగలు కొవ్వొత్తులూ లేవు, ఆ పనీ లేదు, అందుకే పగలు బాగుంటుంది. చలికాలమంతా తనకు ఇదే పనని, సగం ఇళ్ళ నుంచి ఇవే వస్తాయని చెబుతూ బ్రష్షుతో గీకి, గాలి కొట్టి, అరగంటలో ఇచ్చేసింది. పక్కన పెట్టి వెలిగించవద్దు, అంతే అంది. వెర్నర్ కోటు గుండీ ఒకటి పెట్టుకుంటూ తీసుకుంటూ నిలబడ్డాడు. దారి పొడుగునా బోదిల్ అతన్ని తిడదామనే అనుకుంది. ఏమని తిడుతుంది? కొవ్వొత్తి మొదట వెలిగించింది తనే.

ఆ సాయంత్రం పైకప్పు లైటు వేసుకుంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆ లైటు ఎన్నిసార్లు వేసిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫ్లాస్కు లేదు, కప్పు లేదు. తెర వెలగకముందు నుంచే "అవును" అన్న మాట నోట్లో పెట్టుకుని కూర్చుంది. మార్యున్ ఎత్తగానే బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందంటే దిండు గలేబు మీద కుట్టు కూడా కనబడింది. సోల్వై కళ్ళు మూసుకుని ఉంది.

మళ్ళీ హ్యాంగయిందేమోనని బోదిల్ ముందుకు వంగింది. అంతలో మార్యున్ చెయ్యి వచ్చి తల్లి నుదుటి మీద జుట్టు సర్దింది. హ్యాంగవలేదు. ఉదయం నుంచి కళ్ళు తెరవలేదని, ఇక తెరవదని నర్సులు అంటున్నారని మార్యున్ నెమ్మదిగా చెప్పింది.

"నేను అవునన్నానే మార్యున్. మొదటి రోజే అన్నాను. నిన్న తల కూడా ఊపాను" అంది బోదిల్.

మార్యున్ తల్లి దుప్పటి సరిచేసింది. "మీ నోరు చదవడంలో అమ్మ ఎప్పుడూ పొరపాటు పడలేదు పెద్దమ్మా. నిన్న చాలాసేపు చూసింది. తెర నల్లగా అయ్యేదాకా చూస్తూనే ఉంది. మీరు నోరు బిగించుకుని కదలకుండా కూర్చున్నారు. నేను కూడా చూశాను."

బోదిల్ ఫ్యాను సంగతి చెప్పింది, మసి సంగతి చెప్పింది, మలీన అన్నదంతా చెప్పింది. చెబుతుంటే ఆ మాటలు ఎంత బోలుగా ఉన్నాయో ఆమెకే వినబడింది. చావు మంచం ముందు కూర్చుని కొవ్వొత్తి జిడ్డు కథ చెబుతున్న ముసల్ది. మార్యున్ అడ్డు చెప్పలేదు, నమ్మానని కూడా అనలేదు. వింటూ తల్లి పెదవులు తడి గుడ్డతో అద్దింది.

"పోనీ, ఇప్పుడైనా ఇక్కడికే పంపు. చోటు అలాగే ఉంది. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది బోదిల్. జన్మలో ఎవరితోనూ అనని మాట అది.

"నిన్న తెర ఆరిపోయాక నా చేతిలో చెయ్యి వేయించుకుంది" అంది మార్యున్. "తన బూడిద సముద్రంలో కలపమంది. ఇక్కడి పాస్టరుని పిలిపించి ఆయన ముందు కూడా చెప్పింది. ఆ మాట తప్పమని నన్ను అడక్కండి. మీ మీద కోపం లేదని చెప్పమంది. ఆ చోటు మీరే ఉంచుకోమంది, ఏగొన్ పెదనాన్నకి మీరు పక్కన లేకపోతే తోచదంది."

బోదిల్ తెరకి మరీ దగ్గరగా జరిగి, మూసిన ఆ కళ్ళకేసి చూస్తూ, చప్పుడు లేకుండా పెదవులు కదిలించడం మొదలుపెట్టింది. అవును అంటోంది. మళ్ళీ అంటోంది. ఆ తెల్లటి లైటు కింద ఆమె పెదవులు ఎంత స్పష్టంగా కదులుతున్నాయో, ఏ చెవిటి మనిషైనా చదివేస్తుంది. మార్యున్ కాసేపు ఓర్చుకుంది. తరవాత చూడలేక, నొప్పి తగలకుండా అన్నట్టు మెల్లగా, ట్యాబ్‌ను అవతలికి తిప్పి పెట్టింది. తెర మీద ఖాళీ గోడ వచ్చింది. బోదిల్ ఆ గోడకి చెబుతూనే ఉంది, కంప్యూటర్ ఆ సాయంత్రమంతా ఒక్కసారి కూడా ఆగలేదు.